తేదీ తప్పాక మిగిలింది: అడ్వెంటిస్టు ఉద్యమం పుట్టుకపై ఒక సమీక్ష

నూజివీడులో గిఫర్డ్ ఆసుపత్రి, నరసాపురంలో ఫ్లైజ్ పేరు మీద నడిచే విద్యాసంస్థ. కృష్ణా, గోదావరి ప్రాంతాల వాళ్లకు సెవెన్త్ డే అడ్వెంటిస్టులంటే ముందు గుర్తొచ్చేవి ఇవి. ఇంకాస్త దగ్గరగా తెలిసినవాళ్లు, వాళ్లు శనివారం ఆరాధనకు వెళతారనీ పంది మాంసం, పొగాకు, సారా ముట్టరనీ చెబుతారు. ఇందులో ఏదీ ఆ ఉద్యమానికి మూలపురుషుడైన విలియం మిల్లర్ బోధలో లేదు. ఆయన ఆదివారం గుడికి వెళ్లే బాప్టిస్టు. ఆసుపత్రి కట్టలేదు, బడి పెట్టలేదు, కొత్త సంఘం పెట్టే ఉద్దేశమూ ఆయనకు లేదు. ఆయన చెప్పినదల్లా క్రీస్తు 1843 ప్రాంతంలో తిరిగి వస్తాడని. క్రీస్తు రాలేదు. మిల్లర్ 1849లో చనిపోయాడు. చనిపోయేనాటికి ఆయన శనివారం పాటించలేదు, పాటించమని ఎవరికీ చెప్పలేదు.

జోస్యం తప్పిపోయిన చోట నుంచి రెండు కోట్లకు పైగా సభ్యులున్న సంఘం ఎలా వచ్చింది? నూట ఎనభై ఏళ్లుగా ఈ ప్రశ్నకు జవాబులు వస్తూనే ఉన్నాయి. విశ్వాసులు దైవనడిపింపు అన్నారు. ఎగతాళి చేసినవాళ్లు పిచ్చి అన్నారు. ఆర్థిక కష్టాలని చరిత్రకారులు, మనస్తత్వపు లోగుట్టని శాస్త్రవేత్తలు చెప్పారు. వీటిలో చాలా జవాబులు 1844 అక్టోబరు 22 దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. అసలు విషయం ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో ఉందని నాకనిపిస్తుంది. ఆ సంఘానికి గుర్తులైన సిద్ధాంతాలు ఒక్కొక్కటీ ఎవరు ముందు చెప్పారో వెతికితే, వాళ్లలో చాలామంది ఆ సంఘంలో చేరనే లేదని, చేరినా మిగల్లేదని తేలుతుంది. వేరేవాళ్లు వదిలేసి వెళ్లినవాటిని ఏరి కూర్చినవాళ్లే సంఘాన్ని కట్టారు.

ముందు యూరప్ సంగతి. బైబిల్లోని దానియేలు, ప్రకటన గ్రంథాల్లోని అంకెలను కాలచక్రంగా చదవడం మిల్లర్ కనిపెట్టింది కాదు. ప్రవచనంలో ఒక దినమంటే ఒక సంవత్సరమని సంఖ్యాకాండం, యెహెజ్కేలు గ్రంథాల ఆధారంగా లెక్కగట్టడం ప్రొటెస్టెంట్లలో పాత అలవాటు. సాక్షాత్తూ ఐజాక్ న్యూటన్ రాసిన దానియేలు వ్యాఖ్య, ఆయన పోయాక 1733లో అచ్చయింది. ఫ్రెంచి విప్లవం ఆ అలవాటుకు నిప్పు రాజేసింది. 1798లో జనరల్ బెర్తియే సైన్యం రోములో ఆరవ పయస్ పోపును బందీగా పట్టుకుంది. 538 నుంచి 1798 దాకా సరిగ్గా 1260 ఏళ్లు, ప్రకటన గ్రంథంలోని 1260 దినాలు పూర్తయ్యాయని ఇంగ్లండులో, అమెరికాలో ప్రవచనాలు చదివేవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఒక జోస్యం కళ్లముందే నెరవేరిందని నమ్మినవాడు మిగతావాటికి వేళ్లు లెక్కపెట్టడంలో వింత లేదు.

కాథలిక్కుల్లోనూ ఈ కదలిక ఉంది. చిలీలో పుట్టి ఇటలీలో ప్రవాసం గడిపిన జెస్యూట్ పాదిరి మాన్యుయెల్ లకున్సా, ఒక యూదు పండితుడి మారుపేరుతో క్రీస్తు రాకడ మీద పెద్ద గ్రంథం రాశాడు. దాన్ని లండన్‌లో స్కాటిష్ ప్రసంగీకుడు ఎడ్వర్డ్ ఇర్వింగ్ 1827లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. అంతకు ముందే, 1826లో, హెన్రీ డ్రమండ్ అనే ధనిక బ్యాంకరు తన ఆల్బరీ భవనంలో ప్రవచన పఠనానికి సభలు మొదలుపెట్టాడు. జర్మనీలో యూదుడిగా పుట్టి క్రైస్తవుడైన జోసెఫ్ వుల్ఫ్ మధ్య ఆసియా దాటి మన దేశం దాకా వచ్చి, రాకడ దగ్గరపడిందని ప్రకటించాడు. ఆయన లెక్క 1847.

ఈ పేర్లన్నీ గుదిగుచ్చి లె రాయ్ ఫ్రూమ్ అనే అడ్వెంటిస్టు పండితుడు 1946, 1954 మధ్య నాలుగు లావుపాటి సంపుటాలు వేశాడు. మిల్లర్ ఒంటరి వెర్రివాడు కాదని రుజువు చేయడం ఆయన లక్ష్యం. ఆ మేరకు గెలిచాడు. అయితే ఒకేలా లెక్కవేసిన ఇద్దరి పేర్లు పక్కపక్కన రాసినంత మాత్రాన ఒకరి నుంచి ఇంకొకరు నేర్చుకున్నట్టు కాదు. మిల్లర్ పొలంలో ఆల్బరీ పుస్తకాల జాడ చూపించడానికి ఫ్రూమ్ దగ్గర పెద్దగా ఆధారాలు లేవు. ఆయన సంపుటాలను పేర్ల పట్టికగా వాడుకోవచ్చుగానీ వంశవృక్షంగా వాడితే చిక్కే.

మిల్లర్ 1782లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్‌లో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రం అంచున లో హాంప్టన్‌లో పెరిగాడు. రైతు. పెళ్లయ్యాక వెర్మాంట్‌లోని పౌల్ట్నీకి మారి, అక్కడి గ్రంథాలయంలో వోల్టేర్, హ్యూమ్, పెయిన్‌లను చదివి, దేవుడు లోకాన్ని చేసి వదిలేశాడనే డీయిస్టు అయ్యాడు. 1812 యుద్ధంలో కెప్టెన్. 1814 సెప్టెంబరులో ప్లాట్స్‌బర్గ్ దగ్గర తమకన్నా ఎంతో పెద్దదైన బ్రిటిష్ బలగం ఓడిపోయి వెనుదిరగడం చూశాక, లోకవ్యవహారాల్లో దేవుడు వేలు పెట్టడన్న నమ్మకం ఆయనలో బీటలువారింది. ఊరికి తిరిగొచ్చాక గుడిలో పాస్టరు లేని రోజుల్లో అచ్చయిన ప్రసంగాలను చదివి వినిపించే పని ఆయనకు పడింది. 1816లో ఒక ఆదివారం అలా చదువుతూ చదువుతూ కదిలిపోయి ఆపేశాడు. అక్కడి నుంచి ఆయన విశ్వాసి.

పాత డీయిస్టు మిత్రులు ఊరుకోలేదు. బైబిల్లో పరస్పర విరుద్ధాలున్నాయి కదా, వాటి సంగతేమిటని నిలదీశారు. మిల్లర్ ఒక బైబిలు, క్రూడెన్ పదసూచిక ముందు పెట్టుకుని ఆదికాండం మొదటి వచనం నుంచి బయల్దేరాడు. అర్థం కాని మాట తగిలితే అదే మాట ఇంకెక్కడెక్కడ వచ్చిందో చూడటం, లేఖనానికి లేఖనమే వ్యాఖ్యానమనుకోవడం, వ్యాఖ్యాతలను పక్కన పెట్టడం ఆయన పద్ధతి. రెండేళ్లకు, 1818లో, ఒక లెక్క దగ్గర ఆగాడు. దానియేలు 8వ అధ్యాయంలో పరిశుద్ధ స్థలం శుద్ధి కావడానికి 2300 దినాలని ఉంది. దినమంటే ఏడాది. తర్వాతి అధ్యాయంలోని డెబ్భై వారాలూ ఈ కాలమూ ఒకేసారి మొదలవుతాయి. మొదలు, యెరూషలేమును మళ్లీ కట్టడానికి అర్తహషస్త రాజు ఆజ్ఞ ఇచ్చిన క్రీస్తుపూర్వం 457. 2300 లోంచి 457 తీసేస్తే 1843. శుద్ధి కావలసిన పరిశుద్ధ స్థలం ఈ భూమి, శుద్ధి చేసేది రాకడనాటి అగ్ని అని ఆయన అర్థం చేసుకున్నాడు.

లెక్క సరైనదా కాదా అన్నది పక్కన పెడితే, దాన్ని వేసిన బుద్ధి ఎలాంటిదో గమనించాలి. దర్శనాలు లేవు, పూనకం లేదు. పొలం హద్దుల తగాదాలు తీర్చే జస్టిస్ ఆఫ్ ది పీస్ ఒకడు కాగితం మీద తీసివేత చేశాడు. డీయిజాన్ని వదిలాడేగానీ దాని హేతుబుద్ధిని వదల్లేదు. డేవిడ్ రో 2008లో రాసిన జీవితచరిత్ర ఈ మనిషిని బాగా పట్టుకుంది. దానికి 155 ఏళ్ల ముందు, 1853లో సిల్వెస్టర్ బ్లిస్ ప్రచురించిన జీవితకథ సహచరుడి భక్తితో రాసినదే అయినా, మిల్లర్ ఉత్తరాలను అందులో పొందుపరచడం వల్ల నేటికీ పనికొస్తోంది.

లెక్క తేలాక పదమూడేళ్లు ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. 1831 ఆగస్టులో, ఎవరైనా పిలిస్తే వెళతానని దేవుడికి మాటిచ్చిన అరగంటకే డ్రెస్‌డెన్ అనే ఊరి నుంచి మేనల్లుడు వచ్చి పిలిచాడని మిల్లరే చెప్పుకున్నాడు. 1833లో బాప్టిస్టులు ఆయనకు ప్రసంగించే అనుమతిపత్రం ఇచ్చారు. అదే ఏడాది నవంబరు 13 రాత్రి అమెరికా ఆకాశమంతా ఉల్కలు జడివానలా రాలాయి. అంత్యదిన సూచనల జాబితాలో 1755 లిస్బన్ భూకంపం, 1780 మే 19న న్యూ ఇంగ్లండ్‌లో పట్టపగలు కమ్మిన చీకటి సరసన అది చేరింది.

ఇంతవరకు ఇది పల్లెటూళ్ల గుళ్లలో తిరిగే ఒక ముసలి రైతు ఉపన్యాసం మాత్రమే. దాన్ని ఉద్యమంగా మార్చినవాడు జాషువా హైమ్స్. బోస్టన్‌లోని చార్డన్ స్ట్రీట్ చాపెల్ పాస్టరు, బానిసత్వ నిర్మూలనవాది, విలియం లాయిడ్ గారిసన్‌కి స్నేహితుడు. 1839లో మిల్లర్‌ని విని, ఇది నిజమైతే దేశమంతా ఎందుకు వినలేదని అడిగినవాడు. 1840 మార్చిలో 'సైన్స్ ఆఫ్ ది టైమ్స్' పత్రిక పెట్టాడు. 1842లో న్యూయార్క్‌లో 'మిడ్‌నైట్ క్రై' మొదలైంది. వేలమంది పట్టే పెద్ద డేరా కుట్టించి ఊరూరా తిప్పాడు. చార్లెస్ ఫిచ్, అపోలోస్ హేల్ కలిసి దానియేలు మృగాలనూ ఏళ్ల లెక్కలనూ ఒకే గుడ్డ మీద గీశారు. 1842 మేలో బోస్టన్ సభ ఆ పటాన్ని 300 ప్రతులు రాతి అచ్చు వేయించమంది. చదువు అంతంతమాత్రమైన శ్రోత కూడా ఆ పటం ముందు నిలబడి తీసివేత సరిచూసుకోగలిగాడు. ఆవిరి అచ్చుయంత్రం, చవక కాగితం, ఈరీ కాలువ మీదుగా సాగే ప్రయాణాలు లేకపోతే మిల్లర్ పేరు ఇవాళ లో హాంప్టన్ సమాధి రాయి మీద తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. ఈ విషయంలో నేను ప్రవచనం కన్నా ప్రచురణకే ఎక్కువ మార్కులు వేస్తాను.

విన్నవాళ్లెవరు? విట్నీ క్రాస్ 1950లో రాసిన 'బర్న్‌డ్-ఓవర్ డిస్ట్రిక్ట్', పశ్చిమ న్యూయార్క్‌లో ఉజ్జీవాల మంటలు పదేపదే పాకిన నేలను చూపించింది. చార్లెస్ ఫిన్నీ సభలు, 1830లో మోర్మన్లు, 1848లో ఆత్మలతో మాట్లాడే ఫాక్స్ అక్కచెల్లెళ్లు అంతా ఆ చుట్టుపక్కలే. 1837 నాటి ఆర్థిక సంక్షోభం జనాన్ని లోకాంతం వైపు తోసిందన్న వాదన కూడా చాలాకాలం చెలామణీ అయింది. అయితే సంక్షోభపు ఉధృతి తగ్గుతున్న 1843, 1844 లోనే ఉద్యమం పతాక స్థాయికి చేరింది. తర్వాతి స్థానిక అధ్యయనాలు మిల్లర్ అనుచరులు తమ ఇరుగుపొరుగు రైతులకన్నా, చేతిపనివాళ్లకన్నా ప్రత్యేకంగా నిరుపేదలేమీ కారని చూపించాయి. రూత్ ఆల్డెన్ డోన్ 1987లో ఇంకో అడుగు ముందుకేసింది: తేదీ ఒక్కటి తీసేస్తే వీళ్ల విశ్వాసం సగటు ఎవాంజెలికల్ విశ్వాసమే.

ఆ ఒక్క తేడా మాత్రం చిన్నది కాదు. ఆ రోజుల్లో అమెరికన్ ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది, సంస్కరణల వల్లా సువార్త వల్లా లోకం క్రమంగా బాగుపడి వెయ్యేళ్ల శాంతి వస్తుందనీ, ఆ తర్వాతే క్రీస్తు వస్తాడనీ నమ్మేవారు. మిల్లర్ ఆ వరసను తిరగేశాడు. ముందు క్రీస్తు, తర్వాతే శాంతి. తెలుగు పాఠకుడికి ఇక్కడొక పక్కమాట. బోస్టన్ కేంద్రంగా ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషన్ పంపిన శామ్యూల్ డే తెలుగువాళ్ల మధ్యకు చేరింది 1836లో. ఆయన నెల్లూరులో కుదురుకున్నది 1840లో. అంటే ఒకే శాఖ వాళ్లు ఒకే దశాబ్దంలో ఒక చేత్తో నెల్లూరులో తరాలు పట్టే పనికి పునాది తవ్వారు, ఇంకో చేత్తో తరాలేమీ మిగిలి లేవనే పటాలు పట్టుకున్నారు. హైమ్స్, ఫిచ్, జార్జ్ స్టోర్స్, జోసెఫ్ బేట్స్ వంటి బానిసత్వ వ్యతిరేకులు సంస్కరణ మీద ఆశ పల్చబడుతున్న వేళ ఇటు వచ్చారు. మంచి కార్యకర్తలను మిల్లర్ ఎగరేసుకుపోయాడని గారిసన్ వర్గం నొచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మిల్లర్ రోజు చెప్పలేదు. యూదుల సంవత్సరం ప్రకారం 1843 మార్చి 21, 1844 మార్చి 21 మధ్య అన్నాడు. అది గడిచింది. 457కీ 1843కీ మధ్య సున్నా సంవత్సరం లేదు కాబట్టి 2300 నిండు ఏళ్లు పూర్తయ్యేది 1844లోనని గుర్తించారు. ఆలస్యానికి హబక్కూకులోనూ, పెండ్లికుమారుడు తడవుచేసిన పదిమంది కన్యకల ఉపమానంలోనూ ఆధారం దొరికింది. ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్ క్యాంపు కూటంలో శామ్యూల్ స్నో నిలబడి, ప్రాయశ్చిత్త దినం ఏడవ నెల పదో రోజు గనుక ప్రధాన యాజకుడైన క్రీస్తు వచ్చేది ఆ రోజునే అన్నాడు. రబ్బీల పంచాంగంలో ఆ ఏడు అది సెప్టెంబరు 23న పడింది. స్నో కరాయితులనే యూదు శాఖ లెక్క పట్టుకుని అక్టోబరు 22 అన్నాడు. అప్పటిదాకా పెద్దలు నడిపించిన ఉద్యమం ఆ కూటం తర్వాత వాళ్ల చేతుల్లోంచి జారిపోయింది. మిల్లర్ ఆ తేదీకి ఒప్పుకున్నది అక్టోబరు మొదటి వారంలో. అంటే చరిత్రలో ఆయన పేరుతో నిలిచిపోయిన తేదీని ఆయన చివరి రెండు వారాలు మాత్రమే నమ్మాడు.

22వ తేదీ రాత్రి గడిచింది. పంట కోయకుండా వదిలేసినవాళ్లు, కొట్లు మూసేసినవాళ్లు, అప్పులు తీర్చేసినవాళ్లు 23న లోకాన్ని యథాతథంగా చూశారు. దీన్ని వాళ్లు మహా ఆశాభంగం అన్నారు. తెల్ల ఆరోహణ వస్త్రాలు కుట్టించుకుని కొండలెక్కారన్న కథ ఈ రాత్రి చుట్టూనే అల్లుకుంది. క్లారా ఎండికాట్ సియర్స్ 1924లో పత్రికల్లో ప్రకటనలిచ్చి ముసలివాళ్ల జ్ఞాపకాలు సేకరించి ఆ కథలను పుస్తకం చేసింది. చదవడానికి సరదాగా ఉంటుంది. ఎనభై ఏళ్ల తర్వాత, అందులోనూ చాలావరకు విన్న కబుర్ల మీద ఆధారపడింది. ఫ్రాన్సిస్ నికల్ 1944లో సమకాలీన పత్రికలూ పిచ్చాసుపత్రుల రికార్డులూ తిరగేసి ఆ వస్త్రాలకు గట్టి ఆధారం లేదని తేల్చాడు. నికల్ వకీలు ధోరణి కొన్నిచోట్ల విసుగు తెప్పిస్తుంది గానీ, ఈ ఒక్క కేసు మాత్రం ఆయన గెలిచాడనే చెప్పాలి.

మిల్లర్ స్వయంగా వేసిన అంచనా ప్రకారం విశ్వాసులు యాభై వేలు. వాళ్లలో చాలామంది మౌనంగా పాత గుళ్లకో, ఏ గుడీ లేని జీవితానికో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మూడు దారులు పట్టారు. తేదీ తప్పు, రాకడ మీద ఆశ మాత్రం నిజం అన్నవాళ్లు మిల్లర్, హైమ్స్‌లతో 1845 ఏప్రిల్లో ఆల్బనీలో సమావేశమయ్యారు. ఆ పాయ నుంచి 1860లో అడ్వెంట్ క్రిస్టియన్ సంఘం ఏర్పడింది. క్రీస్తు నిజంగానే వచ్చాడు, అయితే మన హృదయాల్లోకి వచ్చాడు అన్నవాళ్లు రెండో దారి. వీళ్లలో కొందరు షేకర్లనే క్రైస్తవ శాఖలో కలిశారు. తేదీ సరైనదే, జరుగుతుందనుకున్న సంగతే తప్పు అన్న చిన్న గుంపు మూడోది.

ఈ మూడో జవాబు హైరమ్ ఎడ్సన్ పేరుతో ముడిపడి ఉంది. న్యూయార్క్ రాష్ట్రం పోర్ట్ గిబ్సన్ దగ్గర ఆయన పొలం. 23 ఉదయం మొక్కజొన్న చేను దాటి వెళుతుండగా, శుద్ధి కావలసిన పరిశుద్ధ స్థలం పరలోకంలో ఉందనీ, క్రీస్తు ఆ రోజు భూమికి రావడానికి బదులు అక్కడి అతిపరిశుద్ధ స్థలంలోకి ప్రవేశించాడనీ తట్టింది. ఎడ్సన్ రాతప్రతి ఎన్నో ఏళ్ల తర్వాతిది, అసంపూర్ణం. అందువల్ల చేలో ఆయనకు కలిగింది దర్శనమా, ఆలోచనా, ఎంత భాగం ఆ ఉదయంది, ఎంత తర్వాతి చర్చలది అనేదాని మీద పండితుల్లో వాదం నడుస్తూనే ఉంది. గట్టిగా చేతికి దొరికే పత్రం వేరు. ఎడ్సన్, డాక్టర్ హాన్‌లతో కలిసి బైబిలు శోధించిన యువకుడు ఒవెన్ క్రోజియర్ 1846 ఫిబ్రవరిలో 'డే-స్టార్' ప్రత్యేక సంచికలో రాసిన వ్యాసం అది. సిద్ధాంతానికి రూపమిచ్చింది క్రోజియరే. తర్వాత ఆయనే దాన్ని వదిలేశాడు.

శనివారం కథ కూడా ఇలాంటిదే. సెవెన్త్ డే బాప్టిస్టు అయిన రేచెల్ ఓక్స్ న్యూ హాంప్‌షైర్‌లోని వాషింగ్టన్ అనే ఊరికి వచ్చి, పది ఆజ్ఞలు పాటించాలని చెబుతూ నాలుగోదాన్ని మీరుతున్నావేమిటని పాస్టరు ఫ్రెడరిక్ వీలర్‌ను నిలదీసింది. ఆమె చెప్పినది నమ్మిన ఊరివాళ్లు ఏడో దినం పాటించడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం జీవితం చివరి దశ దాకా అడ్వెంటిస్టు సంఘంలో చేరలేదు. ఆ ప్రాంతం వాడైన ప్రెబుల్ 1845 ఫిబ్రవరిలో విశ్రాంతిదినం మీద వ్యాసం రాశాడు. తర్వాత దానికి వ్యతిరేకంగా పుస్తకం రాశాడు. మనిషి చనిపోతే ఆత్మ విడిగా బతకదు, పునరుత్థానం దాకా నిద్రే అనే బోధ జార్జ్ స్టోర్స్‌ది. ఆయనా ఈ సంఘంలో లేడు. అక్టోబరు 22ను తెచ్చిన స్నో తానే ఏలీయా ప్రవక్తనని ప్రకటించుకునే దాకా వెళ్లాడు.

మరి సంఘాన్ని కట్టిందెవరు? ముగ్గురు. జోసెఫ్ బేట్స్ ఓడ కెప్టెన్. మద్యం మానేసి, ఓడలో నావికులకూ మానిపించి, సంపాదన అంతా ఉద్యమానికి పోసినవాడు. ప్రెబుల్ వ్యాసం చదివి వాషింగ్టన్ దాకా వెళ్లి, వాళ్లతో మాట్లాడి తిరిగొచ్చాడు. 1846లో విశ్రాంతిదినం మీద చిన్న పుస్తకం వేశాడు. శనివారాన్నీ, పరలోక పరిశుద్ధ స్థలాన్నీ, ప్రకటన 14వ అధ్యాయంలోని మూడో దూత సందేశాన్నీ ఒకే గొలుసుగా ముడివేసినవాడు బేట్స్. జేమ్స్ వైట్ పత్రికా సంపాదకుడు, నిర్వాహకుడు. 1849లో 'ప్రెజెంట్ ట్రూత్', 1850లో 'రివ్యూ అండ్ హెరాల్డ్' ప్రారంభించాడు. మూడో వ్యక్తి ఆయన భార్య ఎలెన్.

ఎలెన్ హార్మన్ 1827లో మెయిన్ రాష్ట్రంలోని గోరమ్‌లో పుట్టింది. తొమ్మిదేళ్లప్పుడు ముఖానికి రాయి తగిలి, చదువు ఆగిపోయి, ఆరోగ్యం దెబ్బతింది. మిల్లర్ బోధ నమ్మినందుకు ఆమె కుటుంబాన్ని మెథడిస్టు సంఘం 1843లో తొలగించింది. 1844 డిసెంబరులో, 17 ఏళ్ల వయసులో, మరికొందరు స్త్రీలతో ప్రార్థిస్తుండగా మొదటి దర్శనం. అక్టోబరు అనుభవం దేవుడిదేనని, దాన్ని వదిలేసినవాళ్లు దారి తప్పుతారని దాని సారం. 1846 ఆగస్టులో జేమ్స్ వైట్‌తో పెళ్లి. 1848లో వరసగా జరిగిన విశ్రాంతిదిన సమావేశాల్లో సోదరులు బైబిలు మీద గంటల తరబడి వాదించుకునేవారు. ఆమె దర్శనాలు సాధారణంగా కొత్త సిద్ధాంతం కనిపెట్టేవి కావు, తేలినదాన్ని ఖాయపరిచేవి. అలసిపోయిన గుంపుకు కావలసిందీ అదే. ఒకరు మొదలుపెట్టి మానుకున్నదాన్ని ఈ గుంపు ఎందుకు మానుకోలేదో వివరించడానికి నాకు ఇంతకన్నా మంచి కారణం దొరకలేదు.

ఆమె గురించిన పరిశోధన ఎప్పుడూ నిప్పు మీదే నడిచింది. 1844 తర్వాత కొన్నేళ్లు ఈ గుంపు, కృపాద్వారం మూసుకుపోయింది, బయటివాళ్లకు ఇక రక్షణ లేదు అని నమ్మింది. 1847లో అచ్చయిన మొదటి దర్శనపు పాఠంలో ఆ భావం ఉన్న భాగం 1851 ముద్రణలో కనిపించదు. విమర్శకులు దీన్ని దాచివేత అంటారు, సంఘ పండితులు అవగాహన ఎదిగిన తీరు అంటారు. రొనాల్డ్ నంబర్స్ 1976లో 'ప్రాఫెటెస్ ఆఫ్ హెల్త్' ప్రచురించి, ఆమె ఆరోగ్య బోధలకు సిల్వెస్టర్ గ్రాహమ్, జేమ్స్ జాక్సన్ లాంటి సమకాలీన సంస్కర్తల రచనల్లో పోలికలు చూపించాడు. ఆ పని చేస్తుండగానే ఆయన అడ్వెంటిస్టు విశ్వవిద్యాలయమైన లోమా లిండాలో ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. అయినా నంబర్స్, జొనాథన్ బట్లర్ కలిసి 1987లో తెచ్చిన 'ది డిసపాయింటెడ్' వ్యాస సంపుటిలో సంఘంలోని వాళ్లూ బయటివాళ్లూ కలిసి రాశారు. ఈ విషయం మీద ఒకే పుస్తకం చదవగలనంటే నేను దాన్నే చేతికిస్తాను.

బయటి ప్రపంచానికి బాగా తెలిసిన వివరణ మాత్రం లియాన్ ఫెస్టింగర్‌ది. 1956లో వచ్చిన 'వెన్ ప్రాఫెసీ ఫెయిల్స్'లో, జోస్యం విఫలమైతే విశ్వాసులు దాన్ని వదలకపోగా ఇంకా ఉత్సాహంగా ఇతరులను చేర్చుకునే పనిలో పడతారని ఆయన బృందం వాదించింది. చరిత్ర నుంచి ఇచ్చిన ఉదాహరణల్లో మిల్లర్ అనుచరులు ముఖ్యులు. 1844 వసంతం తర్వాత సంగతికి ఇది సరిపోతుంది. నిరాశ తర్వాతే ప్రచారం పతాక స్థాయికి వెళ్లింది. అక్టోబరు తర్వాత మాత్రం సరిగ్గా తిరగబడింది. ద్వారం మూసుకుపోయిందని నమ్మినవాళ్లు కొత్తవాళ్లను ఎందుకు పిలుస్తారు? నిలబడిన గుంపు కొన్నేళ్లపాటు దాదాపుగా పాత మిల్లర్ అనుచరుల మధ్యనే తిరిగింది. ద్వారం మళ్లీ తెరుచుకున్నది 1850ల ఆరంభంలో, ఆశాభంగపు వేడి చల్లారాక, అనుచరుల పిల్లలు పెద్దవుతుండగా, ఏ పాత సంబంధమూ లేనివాళ్లు పత్రిక చదివి రావడం మొదలయ్యాక. ఫెస్టింగర్ సిద్ధాంతం ఆరు నెలల కథను వివరిస్తుంది, ఆ తర్వాతి పందొమ్మిదేళ్లను వివరించదు.

ఆ పందొమ్మిదేళ్లలో చివరి గొడవ సంఘం పెట్టుకోవడం గురించే. తమను వెలివేసిన గుళ్లను బబులోను అని పిలిచినవాళ్లకు, సంస్థగా ఏర్పడటమంటే తామూ బబులోను కావడమే. వాళ్ల భయాన్ని కరిగించింది సిద్ధాంతం కాదు, ఆస్తి. మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌కు 1855లో తరలించిన అచ్చుయంత్రం జేమ్స్ వైట్ సొంత పేరు మీద ఉంది. ఆయన పోతే దానికెవరు దిక్కు? 1860 అక్టోబరులో సెవెన్త్ డే అడ్వెంటిస్టులనే పేరు ఎంచుకున్నారు. 1861లో మిషిగన్ కాన్ఫరెన్స్, 1863 మే 21న జనరల్ కాన్ఫరెన్స్. మొదటి అధ్యక్షుడు జాన్ బైయింగ్టన్. అప్పటికి సభ్యులు సుమారు 3500 మంది, సంఘాలు 125. ఆరోగ్యం గురించిన దర్శనం ఆ తర్వాత రెండు వారాలకు ఒట్సేగోలో కలిగిందంటారు. 1866లో బాటిల్ క్రీక్‌లో తొలి ఆరోగ్యకేంద్రం తెరిచారు. నూజివీడు ఆసుపత్రికి వంశమూలం అదే. 1893లో మద్రాసులో దిగిన ఇద్దరు పుస్తకాల అమ్మకందార్లతో మన దేశంలో వీళ్ల పని మొదలైంది.

అడ్వెంట్ చెట్టుకు వేరే కొమ్మలూ ఉన్నాయి. అడ్వెంట్ క్రిస్టియన్ ప్రసంగీకుడు జోనాస్ వెండెల్ మాటలు 1869లో విన్న చార్లెస్ రసెల్ నుంచి, అంచెలంచెలుగా, నేటి యెహోవాసాక్షులు వచ్చారు. ఎలెన్ వైట్ దర్శనాలను ఒప్పుకోని మిషిగన్ వాసులు కొందరు శనివారాన్ని ఉంచుకుని చర్చ్ ఆఫ్ గాడ్ (సెవెన్త్ డే) అయ్యారు. 1993లో టెక్సస్‌లోని వేకోలో అగ్నికి ఆహుతైన బ్రాంచ్ డేవిడియన్లు 1930ల నాటి ఒక చీలిక నుంచి పుట్టిన మరో చీలిక. దీనికి మిల్లర్‌ను బాధ్యుణ్ని చేయడం పత్రికలవాళ్లకు తేలిక, చరిత్రకారులకు కష్టం.

1844 లెక్క సంఘం లోపల కూడా పూర్తిగా సద్దుమణగలేదు. ఆస్ట్రేలియా వేదాంతి డెస్మండ్ ఫోర్డ్ దానియేలు 8వ అధ్యాయానికి పరలోక తీర్పు అనే అర్థం కుదరదని వాదించినప్పుడు, 1980 ఆగస్టులో కొలరాడోలోని గ్లేసియర్ వ్యూలో వందమందికి పైగా పండితులు, అధికారులు వారం పాటు కూర్చుని చర్చించారు. ఫోర్డ్ పాస్టరు హోదా పోయింది.

ఇక మూలాల చరిత్రలో ఇంకా సగమే చెప్పిన భాగం ఒకటుంది: నల్లజాతి మిల్లర్ అనుచరులు. విలియం ఫోయ్ అనే స్వతంత్ర నల్లజాతి ప్రసంగీకుడికి 1842లోనే, అంటే ఎలెన్‌కు రెండేళ్ల ముందే, దర్శనాలు కలిగాయి. పోర్ట్‌లాండ్‌లో ఆయన మాట్లాడగా ఆమె విన్నది కూడా. తొలితరం సంఘ చరిత్రకారుడు జాన్ లఫ్‌బరో రాసిన కథ ప్రకారం ఫోయ్ త్వరలోనే జబ్బుపడి చనిపోయాడు, ఆయన మోయలేని భారం ఎలెన్ మీద పడింది. తరాలుగా సంఘం ఆ కథనే చెప్పుకుంది. డెల్బర్ట్ బేకర్ 1987లో రికార్డులు వెతికి చూస్తే ఫోయ్ చనిపోయింది 1893లో. అప్పటిదాకా మెయిన్‌లో ఫ్రీవిల్ బాప్టిస్టు పాస్టరుగా పనిచేస్తూనే ఉన్నాడు.